కోతకు హద్దు ఎక్కడ? - చర్మపు కాన్సరు శస్త్రచికిత్స చరిత్ర

కడుపులోనో ఊపిరితిత్తులలోనో పుట్టిన వ్యాధి మరుగున దాగి పెరుగును. చర్మముపై పుట్టిన వ్యాధి అట్లు కాదు. అది ఎదుట నిలిచి కనిపించును. కనిపించుదానిని కత్తితో కోసి తీసివేసిన సరిపోవును గదా అని ఎవరికైనను తోచును. కాని చర్మపు కాన్సరును సరిగా కోసివేయుట నేర్చుకొనుటకు మానవునకు రెండువేల ఏండ్లు పట్టినది. కోయుట తెలియక కాదు. ఎంతవరకు కోయవలెనో తెలియక. పుండు అంచు కంటికి కనిపించును. కాన్సరు అంచు కనిపించదు. ఈ రెండు అంచుల నడుమ దూరమును కనుగొనుటకు జరిగిన ప్రయత్నమే ఈ శస్త్రచికిత్స చరిత్ర.

మన పల్లెలలో మొండి పుండ్లను, గడ్డలను రాచపుండు, పుట్టకురుపు అను పేర్లతో పిలుచుట కలదు. కాన్సరునకే గాక, మధుమేహరోగులకు వీపున లేచు పెద్ద సెగగడ్డకు కూడ రాచపుండు అను పేరు వాడుకలో నుండెను. ఒకే పేరు క్రింద వేరువేరు వ్యాధులు ఉండుట వలన చికిత్స కూడ తారుమారు అగుచుండెను. పైకి చూచి పేరు పెట్టుట వేరు, లోపలి కణములను చూచి రోగము నిర్ణయించుట వేరు అను సంగతి తెలియుటకు సూక్ష్మదర్శిని రావలసి వచ్చెను.

మూడు విధములైన కాన్సరు

చర్మమునకు పైపొర బాహ్యచర్మము. దాని క్రిందిది అంతశ్చర్మము. బాహ్యచర్మపు అడుగు వరుసలోని కణములు విభజన చెందుచు పైకి జరిగి, చదునై, తుదకు పొలుసులుగా రాలిపోవుచుండును. ఈ అడుగు వరుస కణములను పోలిన కణములతో ఏర్పడునది ఆధారకణ కాన్సరు. ఇది మెల్లగా పెరుగును. దూరపు అవయవములకు వ్యాపించుట మిక్కిలి అరుదు. కాని దానిని ఉపేక్షించినచో ముక్కును, కనురెప్పను, క్రింది ఎముకను సైతము తినివేయును. రెండవది పొలుసుకణ కాన్సరు. ఇది మరికొంత త్వరగా పెరుగును. చంకలోను గజ్జలోను మెడలోను ఉన్న లింఫు గ్రంథులకు ప్రాకగలదు. మూడవది మెలనోమా. చర్మమునకు నల్లని రంగునిచ్చు మెలనిన్‌ను తయారుచేయు కణములలో ఇది పుట్టును. మూడింటిలో ఎక్కువ ప్రాణాపాయము కలిగించునది ఇదియే.

మెలనిన్ సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను చాలవరకు అడ్డుకొనును. అందుచేతనే ఈ వ్యాధులు తెల్లని చర్మము గల జాతులలో ఎక్కువ, మనలో తక్కువ. భారతదేశములోని కాన్సరు రోగులలో చర్మపు కాన్సరు వారు నూటికి ఒకరిద్దరే అందురు. తక్కువ అన్నంత మాత్రమున మనకు రాదని కాదు. మనలో అది వచ్చు చోట్లు, వచ్చు కారణములు కొంత వేరు, అంతే.

శేషము ఉంచరాదు

అప్పును, నిప్పును, పగను శేషముంచరాదని మన పెద్దల మాట. ఇదే మాటను సుశ్రుతసంహిత చికిత్సాస్థానము అర్బుదములను గూర్చి చెప్పినది. అర్బుదము అనగా మాంసములో లేచి పెరుగు గడ్డ. దానిని కత్తితోను, క్షారముతోను, నిప్పుతోను తొలగించుట ఆ గ్రంథములో కలదు. తీయగా ఏ కొంచెము మిగిలినను అర్బుదము మరల పెరుగుననియు, మిగిలిన నిప్పువలె అది మనిషిని చంపుననియు, కావున శేషము లేకుండ తీయవలెననియు అందు హెచ్చరిక కలదు. పెదపాడు మొదలు కొల్లేరు వరకు మురుగుకాలువలలో గుర్రపుడెక్కను తీయించిన రైతునకు ఈ హెచ్చరిక అర్థము వెంటనే తెలియును. కాలువ అంతయు శుభ్రమైనట్లే కనిపించును. ఒక మూల నాలుగు మొక్కలు మిగిలిన చాలును, కొద్ది నెలలలో నీరు మరల కనబడదు.

మొదటి శతాబ్దపు రోమను రచయిత సెల్సస్ కూడ ఇట్టి నిరాశనే వెల్లడించెను. తొలిదశలో తప్ప, ముదిరిన కాన్సరును కోసినను కాల్చినను అది తిరిగి వచ్చుననియు, అందువలన మేలుకంటె కీడే ఎక్కువ అనియు అతడు వ్రాసెను. శేషము ఉంచరాదని సుశ్రుతసంహితకు తెలియును. శేషము తిరిగి వచ్చునని సెల్సస్‌నకు తెలియును. ఆ శేషము ఎక్కడ దాగియున్నదో చూచు సాధనము మాత్రము ఇద్దరికిని లేదు.

కత్తికి ముందు మసి

1775లో లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ ఒక చిన్న వ్యాసములో పొగగొట్టములు తుడుచు పనివారి సంగతి వ్రాసెను. చిన్ననాటనే ఇరుకు గొట్టములలో దూరి మసి తుడిచిన బాలురకు, పెద్దవారైన పిదప వృషణములపై చర్మమున పుండు పుట్టుచుండెను. అది సుఖవ్యాధి అని అందరును భావించుచుండిరి. కాదు, చర్మపు ముడుతలలో నిలిచిన మసి వలన పుట్టిన కాన్సరు అని పాట్ చెప్పెను. వృత్తికిని కాన్సరునకును గల సంబంధమును స్పష్టముగా చూపిన తొలి రచన ఇదియే. చికిత్స విషయములో అతని సలహా సూటియైనది: పుండు చిన్నదిగా నుండగనే ఆ భాగమును కోసివేయవలెను, ఆలస్యమైనచో కోత వలన లాభము లేదు.

1787లో జాన్ హంటర్ అను మరియొక లండను వైద్యుడు 35 ఏండ్ల మనిషి దవడ క్రింద తిరిగి పుట్టిన గడ్డను తీసి, దానిని సీసాలో భద్రపరచెను. అది ఏమి గడ్డయో హంటరునకు తెలియదు. 1968లో ఆ ముక్కను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించిరి. అది మెలనోమా అని తేలెను. వైద్యుని కత్తి అందుకొన్న దానిని వైద్యుని కన్ను గుర్తించుటకు 181 ఏండ్లు పట్టినది.

పందొమ్మిదవ శతాబ్దములో రోగములకు విడివిడిగా గుర్తింపు వచ్చెను. 1827లో డబ్లిను నగరపు ఆర్థర్ జాకబ్, కనురెప్పపై పుట్టి మెల్లగా చుట్టుప్రక్కల తినివేయు ఒక పుండును వర్ణించెను. అదియే నేడు మనము ఆధారకణ కాన్సరు అనునది. 1828లో ఫ్రెంచి వైద్యుడు మార్జొలిన్ పాత గాయపు మచ్చలలో పులిపిరి వలె లేచు పుండ్లను గూర్చి వ్రాసెను. కాలిన మచ్చలో పుట్టు కాన్సరునకు నేటికిని అతని పేరే.

మన దేశములో చూచినది

చర్మపు కాన్సరునకు ఎండ యొక్కటే కారణము కాదను సంగతిని లోకమునకు తెలియజేయుటలో భారతదేశము పాత్ర చిన్నది కాదు. కాశ్మీరములో చలికాలమున నిప్పుకణికలు నింపిన కాంగిడీ అను మట్టికుండను సన్నని కొమ్మలతో అల్లిన బుట్టలో నుంచి, అంగీ లోపల పొట్టకు తొడలకు ఆనించుకొందురు. ఏండ్ల తరబడి వేడి తగిలిన ఆ చోటనే కాన్సరు పుట్టుటను ఎల్మ్‌స్లీ అను వైద్యుడు 1866లో వర్ణించెను. తరువాత శ్రీనగరములోని మిషను ఆసుపత్రి వైద్యులు నీవ్ సోదరులు ఇట్టి పుండ్లను అనేకము కోసి తీసిరి.

1945లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రికి చెందిన వసంత్ రామ్‌జీ ఖనోల్కర్, సూర్యాబాయి అనువారు అలవాట్లకును కాన్సరునకును గల సంబంధమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. అందు పంచెకట్టు కాన్సరు ఒకటి. నడుము చుట్టును ఒకే చోట బిగించి కట్టిన పంచె ఏండ్ల తరబడి ఒరయుటచే చర్మము రంగు మారి, దళసరియై, పుండుపడి, ఎప్పుడో ఒకరికి కాన్సరుగా మారును. బిగించి కట్టిన చీర, పావడా బొందు వలన స్త్రీలలో కూడ ఇట్లు జరుగుటను తరువాతి వైద్యులు చూచిరి. ఉత్తరాంధ్ర తీరమున చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు ఇట్టిదే. అయితే దాని వలన కాన్సరు పుట్టునది అంగిటిలో. అది చర్మపు వ్యాధి కాదు.

కావున ఏలూరు పొరుగుననున్న పెదపాడు వంటి ఊరిలో, వరిపొలములోను చేపల చెరువు గట్టునను దినమంతయు ఎండలో పనిచేయు మనిషి ఎండను గూర్చి మాత్రమే తలచిన చాలదు. చిన్ననాట మరుగు గంజి పడి కాలిన మచ్చ, ముప్పది ఏండ్ల తరువాత పగిలి మానకపోవుట. కాలిపై ఏండ్ల తరబడి మానని పుండు అంచు దళసరియై పువ్వు వలె లేచుట. నడుము ఒరిపిడి మచ్చలో పుండు పడుట. అరికాలిలోనో గోటి క్రిందనో నల్లమచ్చ వ్యాపించుట - మనవారు గమనింపవలసినవి ఇవి. నల్లని చర్మము గలవారిలో మెలనోమా తరచుగా అరికాలినే ఆశ్రయించును. అక్కడ మెలనిన్ రక్షణయు లేదు, ఎండ దోషమును లేదు.

నొప్పి పోయినది, హద్దు మిగిలినది

పాట్ కాలములో రోగిని నలుగురు పట్టుకొనగా వైద్యుడు నిమిషములలో కోత ముగించవలసి ఉండెను. అట్టి తొందరలో అంచులను పరికించుట ఎట్లు? 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము వచ్చెను. క్లోరోఫారము వలన కొందరు మరణించుటచే, దాని భద్రతను పరీక్షించుటకు 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభుత్వపు ఖర్చుతో హైదరాబాదులో రెండు సంఘములు పనిచేసెను. 1867లో లిస్టరు క్రిమిరహిత శస్త్రచికిత్సను ప్రకటించెను. 1884లో కొకెయిన్‌తో కంటిని మాత్రమే మొద్దుబరచవచ్చునని వియన్నాలో కార్ల్ కోలర్ చూపెను; 1905లో ప్రొకెయిన్, 1943లో లిగ్నోకెయిన్ తయారైనవి. ఇక రోగి మెలకువతో నుండగనే, పుండున్న చోటు మాత్రము తిమ్మిరెక్కించి, తొందర లేకుండ కోయుటకు వీలు కలిగెను. నేడు చర్మపు కాన్సరు శస్త్రచికిత్సలలో చాలభాగము ఇట్లే జరుగును.

నొప్పి పోయినది, తొందర పోయినది. హద్దు ప్రశ్న మాత్రము మిగిలినది. 1907లో లండనులో శాంప్సన్ హాండ్లీ, మెలనోమాతో మరణించిన ఒక స్త్రీ శరీరమును పరీక్షించి, కాన్సరు కణములు లింఫు నాళముల వెంబడి చుట్టును ప్రాకునని చెప్పెను. కావున విశాలముగా కోయవలెనని సలహా ఇచ్చెను. కాలక్రమమున ఇది మచ్చకు అన్ని ప్రక్కలను 5 సెంటీమీటర్లు కోయు ఆచారముగా స్థిరపడెను. చిటికెనవ్రేలి గోరంత మచ్చకు అరచేతి యంత గాయము! ఒక్క రోగి శరీరముపై నిలిచిన నియమము అరువది ఏండ్లకు పైగా ప్రశ్న లేక సాగినది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు మరువరాని విషయమిది.

విస్కాన్సిన్ విద్యార్థి

1930 దశకములో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో ఫ్రెడరిక్ మోస్ అను వైద్యవిద్యార్థి ఎలుకల గడ్డలలోనికి వేరువేరు రసాయనములను ఎక్కించి పరీక్షించుచుండెను. జింకు క్లోరైడు ఎక్కించినప్పుడు కణజాలము చచ్చినది. కాని దాని కణముల ఆకారము చెడలేదు. శరీరమునుండి తీయకముందే, ఉన్న చోటనే, సూక్ష్మదర్శిని పరీక్షకు సిద్ధమైనట్లుండెను. ఇతరులకు ఇది ఒక వింత. మోస్‌నకు ఇది ఒక మార్గము.

1936లో అతడు రోగులకు ఈ పద్ధతిని ప్రారంభించెను. జింకు క్లోరైడు కలిపిన లేపనమును పుండుపై పూసి, మరునాడు ఒక పలుచని పొరను కోసి తీయును. ఆ పొరకు అంచులలో రంగులు పూసి, గాయపు పటము గీసికొని, పొర అడుగు భాగమును అంచుతో సహా చదునుగా పరచి, సూక్ష్మదర్శిని క్రింద చూచును. కాన్సరు మిగిలిన చోటును పటములో గుర్తించి, అక్కడ మాత్రమే మరల లేపనము పూయును. కణము ఒక్కటియు కనబడనంతవరకు ఇట్లు చేయును. 1941లో ఈ పద్ధతిని ప్రకటించెను.

దీని గొప్పతనము మన చేపల చెరువు గట్టును తలచుకొన్నచో తెలియును. గట్టులో ఎండ్రకాయ బొక్క యొకటి ఉన్నది; నీరు కారుచున్నది. యజమాని గట్టుపై నాలుగు చోట్ల నిలిచి చూచి, అంతయు బాగున్నదనిన, ఆ నాలుగు చోట్ల నడుమనున్న బొక్క దొరకునా? గట్టు చుట్టును నడచి చూడవలెను. కోసి తీసిన ముక్కను నిలువుగా తరిగి కొన్ని తునకలను చూచు సాధారణ పద్ధతి నాలుగు చోట్ల నిలిచి చూచుట వంటిది. మోస్ పద్ధతి గట్టంతయు నడచి వచ్చుట.

లేపనముతో నొప్పి ఎక్కువ. ఒక్కొక్క పొరకు ఒక్కొక్క దినము. 1953లో కనురెప్ప కాన్సరు చికిత్సను చలనచిత్రముగా తీయుచున్నప్పుడు, కాలము కలిసివచ్చుటకై మోస్ లేపనమును మాని, తీసిన పొరను అప్పటికప్పుడు గడ్డకట్టించి పరీక్షించెను. ఫలితము బాగుండెను. 1974లో ట్రొమోవిచ్, స్టెగ్‌మన్ అను వైద్యులు లేపనము లేని పద్ధతి ఫలితములను ప్రకటించిన పిదప అదియే వ్యాపించెను. నేడు పని సాధారణముగా ఒక్క దినములో ముగియును. తొలిసారి చికిత్స పొందు ఆధారకణ కాన్సరు ఈ పద్ధతిలో అయిదేండ్లలో తిరిగి వచ్చుట నూటికి ఒకటి మాత్రమే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పుండును కాల్చివేయు లేపనములు, పసరులు నేటికిని అనేక దేశములలో అమ్ముడగుచున్నవి. మోస్ కూడ లేపనమునే వాడెను గదా అని వాదించువారు కలరు. మోస్ రోగులను కాపాడినది లేపనము కాదు, ప్రతి పొరను చూచిన సూక్ష్మదర్శిని. పైచర్మము మాడి మచ్చకట్టగా, దాని క్రింద కాన్సరు నిశ్శబ్దముగా పెరుగుట ఇట్టి లేపనముల వలన కలుగు పెద్ద ప్రమాదము.

అన్నిటికి ఒకే కత్తి కాదు

మోస్ పద్ధతికి ప్రత్యేక శిక్షణయు, ప్రక్కనే ప్రయోగశాలయు, చాల కాలమును కావలెను. కావున ముఖమువంటి చోట్ల, తిరిగి వచ్చిన కాన్సరులకు, హద్దు తెలియని వాటికి దానిని వాడుదురు. వీపు, చేయి వంటి చోట్ల చిన్న ఆధారకణ కాన్సరును కనబడు అంచునకు 4 మిల్లీమీటర్ల వెలుపల, పొలుసుకణ కాన్సరును 4 నుండి 6 మిల్లీమీటర్ల వెలుపల కోసి తీయుట చాలును. ఇంకను చిన్నవాటిని గరిటె వంటి పరికరముతో గీకి విద్యుత్తుతో కాల్చుదురు. లేదా సున్నకు దిగువ 196 డిగ్రీల సెల్సియస్ శీతలమైన ద్రవ నైట్రోజనుతో గడ్డకట్టింతురు. ఇవి సులభములు; కాని వీటిలో అంచును పరీక్షించుటకు వీలులేదు. అందుచేతనే ప్రమాదము తక్కువగా ఉన్న వాటికే ఇవి తగును.

మెలనోమా విషయములో మార్పు తెచ్చినది ఒక కొలత. 1970లో అమెరికాలో అలెగ్జాండర్ బ్రెస్లో సూక్ష్మదర్శినిలోని చిన్న కొలబద్దతో మెలనోమా మందమును కొలిచెను. మచ్చ వెడల్పుకంటె అది చర్మములోనికి దిగిన లోతే రోగి భవిష్యత్తును తెలుపునని చూపెను. ఇటలీ వైద్యుడు వెరొనేసి నాయకత్వమున ప్రపంచ ఆరోగ్యసంస్థ మెలనోమా సంఘమువారు 2 మిల్లీమీటర్లకు మించని మెలనోమా గల 612 మంది రోగులను రెండు గుంపులుగా చేసి, ఒకరికి 1 సెంటీమీటరు, మరియొకరికి 3 సెంటీమీటర్లు వెలుపల కోసిరి. రెండు గుంపులవారి ఆయుర్దాయములో తేడా లేదని 1988లో ప్రకటించిరి. నేడు పలుచని మెలనోమాకు 1 సెంటీమీటరు, దళసరి దానికి 2 సెంటీమీటర్లు నియమము. హాండ్లీ నాటినుండి వచ్చిన 5 సెంటీమీటర్ల ఆచారము ఇట్లు కొలత ఎదుట వీగిపోయెను. లింఫు గ్రంథులన్నిటిని తీయనక్కరలేకుండ, నీలిరంగు ఎక్కించి, రంగు మొదట చేరిన గ్రంథిని మాత్రమే పరీక్షించు విధమును 1992లో డోనాల్డ్ మార్టన్ ప్రకటించెను.

గుంటను పూడ్చుట

కోయుట సగము పని. గాయమును కప్పుట మిగిలిన సగము. ఇందులో మన దేశపు కానుక లోకప్రసిద్ధము. 1792లో టిప్పూ సుల్తానుతో జరిగిన యుద్ధములో ఆంగ్లసేనకు బండి తోలిన కావస్‌జీ అనువానికి ముక్కు కోసిరి. పూనా ప్రాంతపు కుమ్మరి కులస్థుడొకడు మైనముతో ముక్కు నమూనా చేసి, దానిని నుదుటిపై పరచి, ఆ కొలతకు చర్మమును కోసి, కనుబొమల నడుమ ఒక కాడను విడువక నిలిపి, క్రిందికి త్రిప్పి ముక్కుగా కుట్టెను. 1794లో లండను పత్రికలో ఈ సంగతి అచ్చయ్యెను. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లండులో అట్లే చేసెను. రక్తము అందించు ఆ కాడయే ఇందలి కీలకము. ముక్కుపై కాన్సరును తీసిన పెద్ద గుంటలకు నేటికిని ఇదే నుదుటి చర్మమును వాడుదురు. సుమారు మూడు వారములకు కాడను కోయుదురు. 1869లో రెవెర్దిన్ చిన్న చర్మపు తునకలను, 1875లో వుల్ఫ్ పూర్తి మందము గల చర్మమును వేరొకచోటినుండి తెచ్చి అతికించు విధములను చూపిరి.

ఈ చరిత్ర అంతయు ఒక చిన్న లెక్కలో ఇముడును. ఒక సెంటీమీటరు వెడల్పు గల పుండును అన్ని ప్రక్కలను 4 మిల్లీమీటర్లు విడిచి కోసినచో గాయము వెడల్పు 1.8 సెంటీమీటర్లు, వైశాల్యము సుమారు 2.5 చదరపు సెంటీమీటర్లు. దానికి కుట్లు చాలును. అదే పుండు 4 సెంటీమీటర్లు పెరుగువరకు ఉపేక్షించి, ఒక్కొక్క సెంటీమీటరు విడిచి కోయవలసి వచ్చినచో గాయము వెడల్పు 6 సెంటీమీటర్లు, వైశాల్యము 28 చదరపు సెంటీమీటర్లకు పైన. పుండు నాలుగింతలైనది, గాయము పదకొండింతలైనది. దానికి చర్మము అతికింపవలెను. కాలిన మచ్చలో ఎముక వరకు దిగినచో కాలినే తీయవలసి రావచ్చును.

సెల్సస్‌నకు లేని సూక్ష్మదర్శిని పరీక్ష నేడు ప్రతి వైద్యకళాశాలలోను ఉన్నది. 2023లో ఏలూరులో కూడ ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. నెలకు మించి మానని పుండునుండి చిన్న ముక్కను తీసి చూచుట కొద్ది నిమిషముల పని. కొల్లేటి గట్టుననున్న పాఠశాలలో ఈ లెక్కను నల్లబల్లపై చేయించిన ఉపాధ్యాయుడు వృత్తముల వైశాల్యముతో పాటు మరియొక సంగతిని కూడ బోధించినవాడగును. ఇంటిలో తాత కాలి పుండుకు పసరు కట్టుచున్నప్పుడు, ఆ సంగతిని ముందుగా గుర్తుచేయగలవాడు ఆ తరగతిలోని విద్యార్థియే.